రోజుకు పది ఇడియమ్స్ బట్టీ పడితే గట్టెక్కుతానా?

మీరు రాసిన సంగతి ఇదీ. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమెరికా క్లయింటు ఒకాయన కాల్‌లో ‘లెట్స్ టేబుల్ దిస్ ఫర్ నౌ’ అన్నాడు. మీరు రాత్రంతా కూర్చుని ఆ వివరాలన్నీ ఎక్సెల్‌లో టేబుల్ కట్టి పంపారు. తెల్లారి టీమ్‌లో ఒకటే నవ్వులు. ఆ ఉక్రోషంలో వెయ్యి ఇడియమ్స్ (మనం జాతీయాలంటామే, అవి) ఉన్న పుస్తకం ఒకటి కొన్నారు. వచ్చే నెల డల్లాస్ ప్రయాణం. ఈలోగా రోజుకు పది చొప్పున బట్టీ పడితే గట్టెక్కుతానా అని అడిగారు.

గట్టెక్కరు. పైగా కొత్త చిక్కులు తెచ్చుకుంటారు. ఎందుకో చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

ముందు మీ టేబుల్ గొడవ. ఇందులో మీ తప్పు చాలా తక్కువ. బ్రిటిష్ ఇంగ్లీషులో టేబుల్ చేయడమంటే చర్చకు పెట్టడం. మన పార్లమెంటులో ఫలానా నివేదిక టేబుల్ చేశారంటే సభ ముందు ఉంచారని అర్థం. మనకు అబ్బింది ఆ వాడుకే. అమెరికాలో దీనికి సరిగ్గా తలకిందులు, టేబుల్ చేయడమంటే పక్కన పెట్టేయడం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు ఒక కాగితాన్ని టేబుల్ చేయాలా వద్దా అని చాలాసేపు వాదించుకున్నారనీ, మాటా మాటా పెరిగిందనీ, తీరా చూస్తే ఇరుపక్షాలూ కోరుకున్నది ఒకటేననీ చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఇంగ్లీషు తల్లిభాషగా పుట్టినవాళ్ళే అలా తన్నుకుంటే మీ ఎక్సెల్ షీట్ ఒక లెక్కా! మీ క్లయింటు అన్నది ‘ప్రస్తుతానికి దీన్ని వదిలేద్దాం’ అని. చివర్లో ఉన్న ‘ఫర్ నౌ’ చెవిన పడి ఉంటే మీకే అనుమానం వచ్చేది.

నేను పద్దెనిమిదేళ్ళుగా ఇలాంటి కాల్స్‌లో కూర్చునేవాళ్ళకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతున్నాను. అంతకుముందు నాలుగేళ్ళు ఇంగ్లండ్‌లో ఉన్నాను. అక్కడ చదివింది కొంత, దుకాణంలో పెట్టెలు మోసింది ఎక్కువ. నాదీ తెలుగు మీడియమే. ఇన్నేళ్ళలో చూసింది ఏమిటంటే, మనవాళ్ళని ఇబ్బంది పెట్టేవి పుస్తకాల్లో ఉండే భారీ ఇడియమ్స్ కావు. అందులో ఏదో తిరకాసు ఉందని వినగానే తెలిసిపోతుంది, వెతుక్కుంటాం. దెబ్బ తీసేవి చిన్న మాటలు. ప్రతి ముక్కా మనకు తెలిసిందే, కాబట్టి అర్థమైందనే అనుకుంటాం. వాటికి అర్థం వెతికి లాభం లేదు. ఆ మాటతో అవతలి మనిషి చేస్తున్న పనేమిటో చూడాలి. పలకరిస్తున్నాడా, వద్దంటున్నాడా, ఫోన్ పెట్టేస్తానంటున్నాడా?

ఇంగ్లండ్‌లో నా మొదటి వారం సంగతి చెబుతాను. దుకాణంలో సూపర్‌వైజర్ రోజూ పొద్దున్నే ‘యూ ఆల్‌రైట్?’ అనేవాడు. నా మొహం చూసి ఒంట్లో బాగాలేదనుకుంటున్నాడు కాబోలు అనుకున్నాను. నిద్ర పట్టడం లేదనీ, చలికి పడిశం పట్టిందనీ, ఇంటి మీద బెంగగా ఉందనీ వివరంగా చెప్పుకున్నాను. పాపం, పెట్టె చేత్తో పట్టుకుని నిలబడి అంతా విన్నాడు. మూడో రోజు తోటి పనివాడు, పంజాబీ కుర్రాడు, పక్కకు పిలిచి చెప్పాడు: అది వట్టి పలకరింపు, ‘యెస్, యూ?’ అని నడుస్తూ పోవాలి. మనం ఎదురైనవాళ్ళని ‘భోజనమైందా?’ అంటాం చూడండి, అలాగన్నమాట. (మనవాళ్ళు ఆ తర్వాత ఏం కూరో కూడా అడుగుతారు, అది వేరే విషయం.) అమెరికాలో దీని బదులు ‘హౌ ఆర్ యూ’, ‘హౌజ్ ఇట్ గోయింగ్’ వింటారు. ‘గుడ్, యూ?’ అంటే చాలు. ‘వాట్సప్?’ అన్నవాళ్ళకు మాత్రం ‘ఐ యామ్ ఫైన్’ అతకదు, ‘నాట్ మచ్’ అనాలి.

ఆ ‘గుడ్’తోనే ఇంకో తిరకాసు ఉంది. కాఫీ కావాలా అని అడిగినప్పుడు ఎవరైనా ‘ఐ యామ్ గుడ్’ అంటే వద్దని. నేను బాగున్నాను, నాకేం అక్కర్లేదు అనే దారిలో వచ్చిందది. మీకు నిజంగా కాఫీ కావాలంటే ‘యెస్, ప్లీజ్’ అనండి. మొహమాటానికి ఒకసారి వద్దంటే మనింట్లోలాగా ఇంకో రెండుసార్లు బతిమాలతారని ఆశపెట్టుకోకండి. అక్కడ ఒకసారి వద్దంటే వద్దనే.

‘వీ షుడ్ గ్రాబ్ కాఫీ సమ్‌టైమ్’ అన్నారనుకోండి, డైరీ తీయకండి. ‘ఎప్పుడైనా మా ఇంటికి రండి’ అన్నట్టే అది. రోజు, టైము చెబితేనే పిలుపు. ఫోన్‌లో ‘ఐ విల్ లెట్ యూ గో’ అంటే మిమ్మల్ని వదిలిపెట్టడం కాదు, తానే పెట్టేస్తానని మర్యాదగా చెప్పడం. మనం ‘సరే మరి, ఉంటానండీ’ అనడం లాంటిది. ‘ఐ హియర్ యూ’ అంటే మీ బాధ అర్థమైంది అని మాత్రమే, ఒప్పుకున్నట్టు కాదు. దీన్ని ఒప్పుకోలుగా రాసుకుని మీటింగ్ మినిట్స్ పంపినవాళ్ళను నేను చూశాను.

ఇక్కడ కాసేపు ఆగి ఒక ముఖ్యమైనది చెప్పాలి. అసలు ఇడియమ్ కాదు గానీ ఇడియమ్స్ అన్నిటికంటే ఎక్కువ తికమక పెడుతుంది. ‘డూ యూ మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?’ అని ఎవరైనా అడిగితే మనవాళ్ళు నవ్వుతూ ‘యెస్, యెస్’ అంటారు. కూర్చోండి అని మన ఉద్దేశం. వాళ్ళకు వినిపించేది ‘అవును, నాకు అభ్యంతరమే’ అని! ‘నో, గో అహెడ్’ అనాలి. అలాగే ‘యూ హావెంట్ సీన్ ద మెయిల్?’ అని అడిగితే తెలుగులో ‘అవును, చూడలేదు’ అంటాం, ప్రశ్నతో ఏకీభవిస్తూ. ఇంగ్లీషులో చూడకపోతే ‘నో’, చూసి ఉంటే ‘యెస్’. ఉత్త ‘యెస్’, ‘నో’ దగ్గర ఆపకుండా ‘నో, ఐ హావెంట్’ అని పూర్తిగా చెప్పే అలవాటు ఈ రోజు నుంచే చేసుకోండి. ఈ ఒక్క అలవాటు మీ వెయ్యి ఇడియమ్స్ పుస్తకానికి సమానం.

ఇక ఆఫీసు మాటలు. అమెరికన్ ఆఫీసు భాషలో సగం బేస్‌బాల్ మైదానం నుంచి వచ్చిందే. మనం ఆ ఆట చూడం కాబట్టి గాల్లోంచి ఊడిపడినట్టు ఉంటాయి. ‘బాల్‌పార్క్’ అంటే బేస్‌బాల్ స్టేడియం. ‘బాల్‌పార్క్ ఫిగర్’ అడిగితే ఉజ్జాయింపు లెక్క చాలు, పైసలతో సహా అక్కర్లేదు. ‘టచ్ బేస్’ అంటే ఒకసారి మాట్లాడుకుందాం. ‘రెయిన్ చెక్’ అనేది వాన పడి ఆట ఆగిపోతే మరో రోజు ఆటకు పనికొచ్చేలా ఇచ్చే చీటీ. అందుకే భోజనానికి పిలిస్తే ‘కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్?’ అన్నవాళ్ళు, ఈసారికి కుదరదు, ఇంకోసారి వస్తాను అంటున్నారు. ‘కర్వ్‌బాల్’ మనకు తేలికే, గూగ్లీ అనుకోండి. ‘అవుట్ ఆఫ్ లెఫ్ట్ ఫీల్డ్’ అంటే ఎవరూ ఊహించని వైపు నుంచి వచ్చిపడిందని.

ఇంగ్లండ్ వాళ్ళ మాటల్లో క్రికెట్ కనిపిస్తుంది. ఇది మన ఆటే కదా అని ధైర్యం చేస్తాం, అక్కడే బోల్తా పడతాం. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి, క్లయింటు వాళ్ళ కంపెనీకి మంచి ఆర్డర్ వచ్చిందని తెలిసి ‘యూ ఆర్ హిట్ ఫర్ సిక్స్’ అని అభినందించింది. మనకు సిక్సర్ అంటే గెలుపే. కానీ ఆ మాటలో మనిషి బ్యాట్స్‌మన్ కాదు, దెబ్బ తిన్న బౌలర్. కోలుకోలేనంత దెబ్బ తగిలిందని అర్థం. క్లయింటు కాసేపు మౌనంగా ఉండిపోయాడట.

మిగతావి గబగబా. ‘హెడ్స్ అప్’ అంటే ముందుగా చెవిన వేయడం. ‘సర్కిల్ బ్యాక్’ అంటే మళ్ళీ వస్తాను, చాలాసార్లు రాకపోవచ్చు కూడా. ‘బ్యాండ్‌విడ్త్ లేదు’ అంటే ఇంటర్నెట్ సంగతి కాదు, తీరిక లేదని. ‘టేక్ ఇట్ ఆఫ్‌లైన్’ అంటే ఇంతమంది ముందు వద్దు, మనిద్దరం విడిగా మాట్లాడుకుందాం. ‘పుష్ బ్యాక్’ అంటే ఒప్పుకోకుండా ఎదురు చెప్పడం.

స్వరం సంగతి ఇంకా పెద్దది. బ్రిటిష్ వాళ్ళు తక్కువ చేసి చెబుతారు. ‘నాట్ బ్యాడ్’ అంటే బాగుందనే. ‘క్వైట్ గుడ్’ అంటే చాలాసార్లు అంతంతమాత్రం, అదే అమెరికన్ నోట వస్తే చాలా బాగుందని. దీని మూలంగా ప్రాణాల మీదికి వచ్చిన కథ ఒకటి చెబుతారు. 1951 ఏప్రిల్‌లో కొరియా యుద్ధంలో ఇమ్‌జిన్ నది దగ్గర బ్రిటిష్ దళం ఒకటి చైనా సైన్యం మధ్య ఇరుక్కుంది. ఆ దళం బ్రిగేడియర్ టామ్ బ్రోడీ తన పై అమెరికన్ జనరల్‌తో పరిస్థితి ‘ఎ బిట్ స్టికీ’ అన్నాడట. ఆయన భాషలో అది ‘మునిగిపోతున్నాం’ అని. అమెరికన్ చెవికి ‘కాస్త ఇబ్బందే గానీ నెట్టుకొస్తాం’ అని వినిపించింది. వెనక్కి రమ్మనే ఆజ్ఞ సమయానికి రాలేదు. ఆ దళంలోని గ్లాస్టర్‌షైర్ బెటాలియన్‌లో చాలామంది ఖైదీలయ్యారు. మనకు ఇది వింతగా తోచక్కర్లేదు. తొంభై అయిదు మార్కులు తెచ్చుకుంటే ‘ఫర్లేదు’ అనే నాన్నల దగ్గరే కదా పెరిగాం.

మీరు వెళ్ళేది డల్లాస్ కాబట్టి టెక్సస్ మాట రెండు ముక్కలు. అక్కడ మన తెలుగువాళ్ళు చాలామంది, కాబట్టి నేర్పేవాళ్ళకు కొదవ లేదు. ‘యాల్’ అంటే మీరంతా. ‘ఫిక్సిన్ టు’ అంటే ఇప్పుడే చేయబోతున్నానని, ఏదీ రిపేర్ చేయడం లేదు. ‘బ్లెస్ యువర్ హార్ట్’ అనే మాట దగ్గర మాత్రం కంగారుపడకుండా మొహం చూడండి. మీకు జ్వరం వచ్చిందని తెలిసి అంటే నిజంగా జాలే. మీరేదో తెలివితక్కువ పని చేశాక చిరునవ్వుతో అంటే, మనం ‘పాపం, అమాయకుడు’ అంటామే, అది. దీన్ని మీరు మాత్రం ఎవరినీ అనకండి.

ఒంట్లో బాగాలేనప్పుడు కష్టం రెండింతలు, ఎందుకంటే ఈ విషయంలో తెలుగు చాలా గొప్పది. తిమ్మిరి అనే ఒక్క మాటకు ఇంగ్లీషు వాళ్ళు ‘పిన్స్ అండ్ నీడిల్స్’ అనో, ‘మై ఫుట్ ఫెల్ అస్లీప్’ అనో అంటారు. పొలమారితే ‘ఇట్ వెంట్ డౌన్ ద రాంగ్ పైప్’. ఎవరో తలుచుకుంటున్నారనే ముచ్చట వాళ్ళకు లేదు, నెత్తి మీద తట్టేవాళ్ళూ లేరు. నలతగా ఉందనడానికి ‘అండర్ ద వెదర్’ అచ్చంగా సరిపోతుంది. కానీ ‘వేడి చేసింది’ అనే మాటను ఇంగ్లీషులోకి లాక్కెళ్ళకండి. డాక్టర్‌తో ‘ఐ హావ్ హీట్’ అంటే థర్మామీటర్ పెడతాడు. నోటిపూతో, మూత్రంలో మంటో, అసలు ఏముందో అది చెప్పండి. ‘లూజ్ మోషన్స్’ కూడా అక్కడ చాలామందికి తెలియదు, ‘అప్‌సెట్ స్టమక్’ అంటే చాలు, డాక్టరే మిగతాది అడుగుతాడు.

మనం ఇంగ్లీషే అనుకుని వాడే మన మాటలు కొన్ని ఉన్నాయి, అవి అక్కడ ఇంకోలా పడతాయి. కాలేజీ నుంచి 2019లో ‘పాసవుట్’ అయ్యానంటే అమెరికన్‌కు మీరు కాలేజీలో స్పృహ తప్పి పడిపోయినట్టు. ‘మా తాతగారు ఎక్స్‌పైర్ అయ్యారు’ అంటే పాల ప్యాకెట్ గుర్తొస్తుంది, ‘పాస్డ్ అవే’ అనండి. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మీరు వాళ్ళ మాట నమ్మడం లేదని వినిపిస్తుంది, ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ చాలు. ఫోన్ ఎత్తి మనం ఆప్యాయంగా అనే ‘చెప్పండి’ని ‘టెల్ మీ’ అని దించితే గద్దించినట్టు ఉంటుంది. ‘ప్రీపోన్’ నాకు ఇష్టమైన మాట, తెలివైన మాట కూడా. హైదరాబాద్‌లో ధైర్యంగా వాడండి, డల్లాస్‌లో ‘మూవ్ అప్’ అనండి. ‘డూ ద నీడ్‌ఫుల్’ ఒకప్పుడు ఇంగ్లీషు దొరలు రాసిందే. వాళ్ళు మానేశారు, మనం దాచుకున్నాం. ఇవి తప్పులని నేననను, మన దేశపు ఇంగ్లీషు మనది. ఎవరి ముందు అంటున్నామన్నదే లెక్క.

ఇప్పుడు మీ పుస్తకం సంగతి. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ నేను ఇంగ్లండ్‌లో ఉన్న నాలుగేళ్ళలో, అంత వానలో కూడా, పెద్దవాళ్ళెవరూ మామూలుగా అనగా వినలేదు. ‘పోరింగ్’ అంటారు, ఇంకా గట్టిగా పడితే ‘బకెటింగ్ డౌన్’ అంటారు. కుండపోత అన్నమాట, కుండ బదులు బకెట్, అంతే తేడా. బకెట్ అంటే గుర్తొచ్చింది, ‘కిక్ ద బకెట్’ మీ పుస్తకంలో తప్పకుండా ఉంటుంది. తెలుగులో ‘బాల్చీ తన్నేశాడు’ అని వెటకారంగా అంటాం చూడండి, ఇంగ్లీషులోనూ అంతే వెటకారం. ఎవరైనా పోయిన ఇంట్లో పొరపాటున కూడా అనకూడదు. పుస్తకం అర్థం చెబుతుంది గానీ ఈ సంగతి చెప్పదు, బట్టీతో వచ్చే ప్రమాదం ఇదే.

ఇడియమ్ ఎలా పనిచేస్తుందో మీకు కొత్తగా నేర్పక్కర్లేదు, తెలుగులో పుట్టి పెరిగారు. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ చూడగానే అమావాస్యకో పున్నమికో అని తట్టాలి. ‘బీట్ అరౌండ్ ద బుష్’ మన డొంకతిరుగుడే. ‘పీస్ ఆఫ్ కేక్’ నల్లేరు మీద బండి నడక. నల్లేరు మీద ఆటో నడక అంటే ఎంత నవ్వొస్తుందో, ‘ఇట్ ఈజ్ ఎ కేక్ పీస్’ అంటే వాళ్ళకూ అంతే నవ్వొస్తుంది. అందుకే మాటల వరస మార్చకూడదు. కవలల్లా కనిపించి మోసం చేసేవీ ఉన్నాయి. ‘పుల్లింగ్ యువర్ లెగ్’ అంటే సరదాగా ఆటపట్టించడం. మనం ఒకడు పైకి వెళ్తుంటే కాళ్ళు పట్టి లాగారంటాం, అది అసూయ. ఈ రెంటినీ కలిపి ‘మై కొలీగ్స్ ఆర్ పుల్లింగ్ మై లెగ్ ఫర్ ప్రమోషన్’ అని మేనేజర్‌కు మెయిల్ రాసిన కుర్రాడు నా క్లాసులోనే ఉన్నాడు. ఏడుస్తూ రాశాడు, మేనేజర్ జోకనుకున్నాడు.

మరి నెల రోజుల్లో ఏం చేయాలంటారా? బట్టీ మానేసి ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. కాల్‌లో అర్థం కాని మాట వినగానే ఆ వాక్యం మొత్తం రాసుకోండి, ఎవరు ఎవరితో అన్నారో, అన్నాక ఏం జరిగిందో కూడా. సాయంత్రం ఆక్స్‌ఫర్డ్ లేదా కేంబ్రిడ్జ్ లెర్నర్స్ డిక్షనరీలో చూడండి, ఆన్‌లైన్‌లో ఉచితమే. అర్థం పక్కన ‘ఇన్‌ఫార్మల్’, ‘ఓల్డ్ ఫ్యాషన్డ్’ అని చిన్న గుర్తులుంటాయి, అర్థం కంటే ముందు వాటిని చదవండి. ఒక మాటను మనుషుల నోట మూడుసార్లు వినేదాకా మీ నోటితో అనకండి. నేను నేర్పే పిల్లలకు చెప్పే లెక్క ఒకటే: వంద అర్థం కావాలి, పది వాడితే చాలు. ఆ పది కూడా ‘నో వరీస్’, ‘మై బ్యాడ్’, ‘సౌండ్స్ గుడ్’, ‘ఫింగర్స్ క్రాస్డ్’ లాంటివి. వీటితో ఎవరూ బోల్తా పడరు. ఇడియమ్స్ గుప్పించి మాట్లాడేవాడి కంటే మామూలు మాటల్లో నిదానంగా చెప్పేవాడినే క్లయింట్లు నమ్మడం చూశాను.

అర్థం కాకపోతే అడగండి, కానీ ‘వాట్?’ అని కాదు. మీకు అర్థమైనట్టు అనిపించింది తిరిగి చెప్పండి: ‘జస్ట్ టు కన్ఫర్మ్, వీ ఆర్ నాట్ డిస్కసింగ్ దిస్ టుడే, రైట్?’ ఆ రోజు ఈ ఒక్క వాక్యం అని ఉంటే మీకు ఆ రాత్రి నిద్ర దక్కేది.

అన్నట్టు, ఆ ఎక్సెల్ ఫైల్ డిలీట్ చేయకండి. టేబుల్ చేసిన విషయం ఏదో ఒక కాల్‌లో మళ్ళీ లేస్తుంది. ఆ రోజు మిగతావాళ్ళు వివరాల కోసం తడుముకుంటుంటే, ‘ఐ హావ్ ఆల్ ద డీటెయిల్స్ రెడీ’ అని స్క్రీన్ షేర్ చేయండి.